లెక్క వేరు, కథ వేరు: పాత కంప్యూటర్ల గురించి

కంప్యూటర్ ఆయుష్షు ఎంత అని అడిగితే కామర్స్ చదివినవాడెవడైనా తడుముకోకుండా "మూడేళ్ళు" అంటాడు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో డెస్క్‌టాప్‌లకూ, లాప్‌టాప్‌లకూ రాసిన కాలం అదే. సర్వర్లకైతే ఆరేళ్ళు. ఆదాయపు పన్ను లెక్కల్లో ఇంకా వేగం. 2017 మార్చి వరకు ఏటా 60 శాతం తరుగుదల ఇచ్చేవారు, తర్వాత దాన్ని 40 శాతం చేశారు. రక్షణ శాఖ పద్దులతో ఉద్యోగజీవితమంతా గడిపిన నాకు ఈ అంకెలతో పేచీ లేదు. ఒక ఖర్చును ఎన్ని సంవత్సరాల మీద పంచాలో చెప్పడానికి పుట్టిన అంకెలవి. చిక్కల్లా వాటిని యంత్రం జాతకంలా చదవడంతోనే వస్తుంది.

నేనిప్పుడు ఉండేది ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో. మా అబ్బాయి ఉద్యోగం ఇక్కడ కావడంతో రిటైరయ్యాక వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడికి కొత్త వస్తువు రావాలన్నా, పాత వస్తువు పోవాలన్నా సముద్రం దాటాలి. అందుకని "పనికిరాదు" అన్న మాటను మేం కాస్త ఆచితూచి వాడాలి. "పనికిరాదు" అంటే ఏ పనికి? ఎవరు పరీక్షించారు? హేతువాదులం మిగతా విషయాల్లో వేసే ఈ ప్రశ్నను కంప్యూటర్ విషయంలో ఎందుకు వేయం?

ఒక ఉదాహరణ. మా వీధిలో ఒకరి డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోయేది. తేదీ తప్పడంతో వెబ్‌సైట్లు భద్రత సరిగా లేదంటూ తెరుచుకునేవి కావు. ఇంటావిడ దానికి నిమ్మకాయ కట్టారు. నిమ్మకాయ ఎండిపోయింది కానీ తేదీ మాత్రం మారలేదు. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. కొత్తది యాభై రూపాయల లోపే వచ్చింది. అది వేశాక "దెయ్యం" మళ్ళీ రాలేదు. నిమ్మకాయను తీసేయమని నేను అడగలేదు. ఆవిడే తీసేశారు.

ఇటీవల చాలా కంప్యూటర్లకు "చావు" ప్రకటించింది మైక్రోసాఫ్ట్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంచెం కొత్త ప్రాసెసర్ కావాలి. ఇక్కడ నిజం ఎంతో చూడండి. భద్రతా సవరణలు రాని విండోస్‌తో నెట్‌లోకి వెళ్ళడం ప్రమాదమే. కానీ ముగిసింది ఒక సాఫ్ట్‌వేర్‌కి మద్దతు, యంత్రం ఆయుష్షు కాదు. 2009 నాటి ఒక లాప్‌టాప్ నా దగ్గరకు వచ్చింది. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేశాను, ర్యామ్ 4 గిగాబైట్లు చేశాను, తేలికపాటి లినక్స్ ఎక్కించాను. ఉత్తరాలు, పద్దులు, పుస్తకాలు చదవడం అన్నీ సాగుతున్నాయి. అయితే అన్నిటికీ ఇది చెల్లదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ని 32 బిట్ పాత కంప్యూటర్లలో కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం కుదరదు. వాటి గడువు నిజంగానే దగ్గరపడింది.

ఆ లాప్‌టాప్‌లో రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు పెట్టాను. మొదటిది కివిక్స్. దీనితో వికీపీడియాను మొత్తంగా దింపుకుని నెట్ లేకుండా చదవచ్చు. ఇంగ్లీషుదైతే బొమ్మలతో కలిపి సుమారు 100 గిగాబైట్లు, తెలుగుది చాలా చిన్నది. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అది ఒడ్డుకు చేరే చోట్లలో రంగత్ ఉంది, డిగ్లీపూర్ లేదు. నెట్ పోయిన రోజున పిల్లలకు ఈ పాత డబ్బాయే గ్రంథాలయం.

రెండోది స్టెల్లేరియం. ఏ ఊరి ఆకాశాన్నైనా, ఏ తేదీకైనా లెక్కగట్టి చూపిస్తుంది. దానికీ నెట్ అక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 7 సంపూర్ణ చంద్రగ్రహణానికి ముందు ఇరుగుపొరుగు పిల్లలను కూర్చోబెట్టి చూపించాను. రాత్రి 9.57కి పాక్షిక గ్రహణం, 11 గంటలకు సంపూర్ణం, 82 నిమిషాలు. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది, "తాతగారూ, మా ఇంట్లో పంచాంగంలోనూ ఈ టైములే ఉన్నాయి. మరి అందులోది నమ్మకూడదా?" అని.

చాలా మంచి ప్రశ్న. గ్రహణం ఎప్పుడన్నది లెక్క, అది ఎవరు చేసినా సరిగ్గా చేస్తే ఒకటే వస్తుంది. ఆ వేళలో తింటే కీడు అన్నది ఆ లెక్కకు తగిలించిన కథ. లెక్క నిజమైనంత మాత్రాన కథ నిజం కాదు. అదే చెప్పాను. ఆ రాత్రి తిన్నారా లేదా అని ఎవరినీ అడగలేదు. ఆలోచించుకోవడం వాళ్ళ పని.

కంప్యూటర్ మూడేళ్ళ సంగతీ ఇంతే. తరుగుదల లెక్క సరైనదే. "కాబట్టి చచ్చింది" అన్నది తగిలించిన కథ.

దీనికి ఎదురు మూఢనమ్మకం కూడా ఉంది, పాతదేదీ పారేయకూడదని. దానికీ లెక్క చూద్దాం. పాత పెంటియం 4 డెస్క్‌టాప్, గాజు బుడ్డి మానిటర్ కలిపి 150 వాట్లు తీసుకుంటాయనుకోండి. రాత్రింబవళ్ళు నడిపితే నెలకు 108 యూనిట్లు. అదే పని 20 వాట్ల లాప్‌టాప్ 14 యూనిట్లలో చేస్తుంది. అండమాన్‌లో కరెంటు ఎక్కువగా ఓడల్లో వచ్చే డీజిల్‌తో తయారవుతుంది. మా దగ్గరి కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 5.25 మెగావాట్లే. కాబట్టి ఆ డెస్క్‌టాప్‌ను బతికించడం పొదుపు కాదు. గాజు మానిటర్‌లో సీసం ఉంటుంది, చెత్తకుప్పలో వేయడం, తగలబెట్టడం రెండూ తప్పే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. మా బోటి ద్వీపవాసులకు అది ఆలస్యమైనా సరే, అంతవరకు పొడిచోట భద్రపరచాలి. డిస్క్‌లోని సొంత వివరాలు చెరిపేయడం మరవకండి.

మిత్రులారా, అటక మీద కంప్యూటర్ ఉంటే దాని వయసు అడగకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఏ పనికి కావాలి? ఆ పని చేయగలదా, చేసి చూశామా? దానికయ్యే కరెంటు ఎంత? జవాబులు కాగితం మీద రాయండి. ఉంచాలో వదిలేయాలో ఆ కాగితమే చెబుతుంది. పని చేసేదైతే లినక్స్, కివిక్స్ ఎక్కించి దగ్గరలో చదువుకునే పిల్లలున్న ఇంటికి ఇవ్వండి.