చెల్లె బిడ్డ ఉద్యోగం గురించి

బోరబండ,
2025 డిసెంబర్ 14

మిత్రమా,

నువ్వు రాసింది చదివాను. నీ చెల్లె కూడా నిన్న ఇంటికొచ్చి, "మా అన్న చెప్పిందే చెయ్యాల్నా సార్?" అని అడిగింది. నీ మేనకోడలికి డిగ్రీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి నా మాట వింటుందని, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం వద్దని నేనే నచ్చజెప్పాలని నువ్వు కోరావు. నేనా మాట చెప్పలేను. ఎందుకో రాస్తాను, తీరిగ్గా చదువు.

నీ భయం నాకు అర్థమైంది. మొన్న జనవరి 29 రాత్రి మీ అమెరికాలో, వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నది మీద విమానం, సైన్యం హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. ఆ సమయంలో టవర్‌లో విమానాలనూ హెలికాప్టర్లనూ ఒక్క మనిషే చూస్తున్నారని బయటికొచ్చింది. "అలాంటి కుర్చీలో మన పిల్ల కూర్చోవాలా?" అన్నావు. నన్నడిగితే, భయపడాల్సింది ఆ కుర్చీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని చూసి.

నువ్వు 2002 నాటి యూబర్లింగెన్ ప్రమాదం గురించి విన్నావో లేదో. జూలై 1 రాత్రి జర్మనీ సరిహద్దు దగ్గర ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. చనిపోయిన 71 మందిలో చాలామంది విహారయాత్రకు బయల్దేరిన రష్యా పిల్లలు. ఆ ఆకాశాన్ని చూసేది స్విస్ సంస్థ స్కైగైడ్ వాళ్ల జ్యూరిచ్ కేంద్రం. ఆ వేళ డ్యూటీలో ఇద్దరుండాలి. రాత్రిపూట రద్దీ తక్కువని ఒకరు విశ్రాంతికి వెళ్లడం అక్కడ అలవాటు. పైవాళ్లకు తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మిగిలిన ఒక్కడు రెండు తెరల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. మరమ్మతుల వల్ల ఫోన్ లైన్లు పని చెయ్యడం లేదు, రాడార్ కూడా పూర్తిస్థాయిలో లేదు. ఆలస్యంగా వస్తున్న మరో విమానాన్ని దింపే పనిలో అతనుండగా ఈ రెండూ ఒకే ఎత్తులో ఎదురయ్యాయి. రెండేళ్లకు, ఆ ప్రమాదంలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న తండ్రి ఒకడు వచ్చి ఆ కంట్రోలర్‌ను ఇంటి ముందే పొడిచి చంపాడు. ఆ ఇద్దరి గురించీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు. 2007లో స్విస్ కోర్టు మాత్రం సరైన చోట వేలు పెట్టింది. స్కైగైడ్‌లో మేనేజర్ల స్థాయిలో ఉన్న నలుగురిని దోషులని తేల్చింది. ఒక్కడే కూర్చునేలా చేసినవాళ్లది ఆ తప్పు.

ఇక మన దేశం సంగతి. 2014లో 74 విమానాశ్రయాలుంటే ఇప్పుడు 160 దాటాయి. మన వరంగల్ మామునూరుకు అనుమతి వచ్చింది, భోగాపురం సిద్ధమవుతోంది. మంచిదే, వరంగల్ పిల్లలు శంషాబాద్ దాకా ఎందుకు రావాలి? కానీ టెర్మినల్‌ను ప్రైవేటువాళ్లు డబ్బు పెట్టి లేపగలరు, కంట్రోలర్లను అలా తేలేరు. శంషాబాద్‌కు 2005లో పునాది రాయి వేస్తే 2008 మార్చి 23న విమానాలు దిగాయి. నడిపేది జీఎంఆర్ అయినా పైన టవర్‌లో కూర్చునేది మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మనుషులే. ఎక్కడ కొత్త రన్‌వే వేసినా కంట్రోలర్లు రావాల్సింది ఆ ఒక్క సంస్థ నుంచే.

పోస్టులు ఇవ్వడం లేదని నేననను. కేంద్రం 2022లో 340, మరుసటేడు 456 కొత్త పోస్టులు మంజూరు చేసింది. ఈ ఏప్రిల్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 309 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, నీ మేనకోడలు ఎంపికైంది అందులోనే. అయితే ఆర్డరు చేతికి రాగానే కంట్రోలర్ అయిపోదు. ప్రయాగ్‌రాజ్‌లోనో, గోండియాలోనో, మన బేగంపేటలోనో నెలల తరబడి ట్రైనింగ్. ఆ తర్వాత పోస్టింగ్ ఇచ్చిన చోట సీనియర్ పక్కన కూర్చుని అసలు విమానాలతో నేర్చుకోవాలి. టవర్‌కు ఒక రేటింగ్, అప్రోచ్‌కు ఒకటి, ఏరియాకు మరొకటి. బదిలీ అయితే కొత్త ఊళ్లో మళ్లీ నేర్చుకుని రేటింగ్ తెచ్చుకోవాల్సిందే. ఆ ఊరి గాలి, కొండలు, దారులు వేరు కదా. పైగా కంట్రోలర్ల కొరత వల్ల నేర్పే సీనియర్ మీద కూడా పనిభారం ఉంటుంది. మీ దేశంలో 1981లో సమ్మె చేసిన పదకొండు వేల మందికి పైగా కంట్రోలర్లను రీగన్ తీసేస్తే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో నువ్వే చదివి చూడు.

ఈలోగా ఉన్నవాళ్ల మీదే భారం. రెండు గంటలు పొజిషన్‌లో కూర్చుంటే అరగంట లేచి రావాలన్నది ఈ వృత్తిలో ప్రాణంలాంటి నియమం. రాడార్ తెర మీద ప్రతి చుక్క వెనకా వందమందో రెండొందలమందో ఉంటారు. పైకీ కిందికీ వెయ్యి అడుగులు, పక్కలకు మైళ్ల లెక్క ఎడం తప్పకూడదు. మన వీధిలో లైట్‌మెన్ ఫిల్మ్ నగర్‌లో డబుల్ కాల్‌షీట్ చేసి తెల్లారి ఇంటికొస్తుంటారు. వాళ్ల చెయ్యి అలసి లైటు పక్కకు జరిగితే డైరెక్టర్ ఇంకో టేక్ అంటాడు. రాడార్ ముందు రెండో టేక్ ఉండదు. ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ కొరతనూ అలసటనూ ప్రస్తావించి గట్టిగానే హెచ్చరించింది. డ్యూటీ గంటల పరిమితి కచ్చితంగా అమలు కాకపోవడాన్ని తప్పుపట్టింది.

నవంబరు మొదటివారంలో ఢిల్లీలో కంట్రోలర్లకు ఫ్లైట్ ప్లాన్లు అందించే మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ మొరాయించింది చూడు, ఎనిమిది వందలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ఫ్లైట్ ప్లాన్లు కంట్రోలర్లు చేత్తో తయారు చేశారు. ఆ వ్యవస్థలోని లోపాల గురించి జూలైలోనే రాశామని కంట్రోలర్ల గిల్డ్ చెప్పింది. యంత్రం వస్తే మనిషి అక్కర్లేదని నువ్వంటుంటావు. యంత్రం పడిపోయిన పూట ఎక్కువ మంది కావాలి, అదీ నిద్రపోయి వచ్చినవాళ్లు కావాలి.

ఇక ఈ డిసెంబరులో పైలట్ల గొడవ. విశ్రాంతి నిబంధనలు కఠినం చేస్తే చాలినంత మంది లేక ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే పడుకున్నారు. వెంటనే ఏం చేశారు? రాత్రి డ్యూటీ నిబంధనలు ఆ సంస్థకు తాత్కాలికంగా సడలించారు. షెడ్యూల్‌లో పది శాతం కోత ఆ తర్వాత వచ్చింది. నా పట్టుదల ఇక్కడే. కోత ముందు రావాలి, సడలింపు రానే కూడదు. మీ ప్రభుత్వం షట్‌డౌన్ అయి జీతాల్లేక కంట్రోలర్లు తగ్గినప్పుడు మీ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నలభై విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించింది. నువ్వు తిట్టుకున్నావు గానీ, నాకది సరైన పనే అనిపించింది. మనుషులు తక్కువైనప్పుడు తగ్గించాల్సింది విమానాలనే.

నీకు గుర్తుందా, శంషాబాద్ రాకముందు బేగంపేట విమానాలన్నీ మన డాబాల మీదుగానే పోయేవి. రేకులు అదిరేవి, క్లాసులో పాఠం ఆపాల్సొచ్చేది. అవన్నీ ఎవరి మాట మీద దిగుతున్నాయో మన వీధిలో ఒక్కరికీ తెలియదు. ఇప్పుడా గొంతుల్లో ఒకటి మన వీధి ఆడపిల్లది కాబోతోంది. వాయిస్ టెస్టు పాసైందని వచ్చి చెప్పిన రోజు నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను.

అందుకే నా సలహా ఇది. అమ్మాయిని చేరనియ్యి. చేరాక గిల్డ్‌లో సభ్యత్వం తీసుకొమ్మను. అలసిపోయిన రోజు "నేను కూర్చోలేను" అని లాగ్‌బుక్‌లో రాసే ధైర్యం తెచ్చుకొమ్మను, ఆ మాట నేనూ చెబుతాను. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం మనిషే. కొత్త విమానాశ్రయానికి అనుమతి ఇచ్చే రోజే దానికి కావలసిన కంట్రోలర్ల పోస్టులూ మంజూరు చెయ్యమని మనందరం ఆయనకు రాయాలి. ఉత్తరం నేను తయారు చేస్తాను, అక్కడి మీ సంఘం తరఫున నువ్వు సంతకాలు పెట్టించు. ముందు మాత్రం చెల్లెకు ఫోన్ చేసి, నువ్వు అన్న మాట వెనక్కి తీసుకో. నీ మాట కోసం ఆ తల్లీకూతుళ్లు ఎదురు చూస్తున్నారు.

నీ మిత్రుడు