కైమా కుడుము

మాంసము భుజించు గృహములలో ఎవరికేని వైద్యులు తేలిక భోజనము విధించినచో, గృహిణికి సాధారణముగా రెండు మార్గములే తోచుచుండును. మాంసమును బొత్తిగా మానిపించుట యొకటి. ఉప్పుకారములు లేని నీళ్లలో దానిని ఉడికించి ఆయన ముందర నుంచుట రెండవది. మొదటిది శిక్ష. రెండవది అంతకన్న పెద్ద శిక్ష. ఈ రెంటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదని, కొన్ని నెలలుగా మా యింట ఆదివారపు భోజనమునకు వండుచున్న కైమా కుడుమును బట్టి సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

కైమాను ముద్దగా జేసి వండి, ముక్కలుగా గోసి తినుట పాశ్చాత్యులలో మిక్కిలి వాడుక. అమెరికావారు దీనిని మీట్ లోఫ్ అందురు. కైమాకు గ్రుడ్డును, రొట్టెపొడిని చేర్చి, పొడవాటి అచ్చులో నదిమి, ఓవెనులో కాల్చుదురు. జర్మనులు నడుమ ఉడికిన గ్రుడ్లను దాచి, దానికి ‘అబద్ధపు కుందేలు’ అని పేరిడిరి. ఆ పేరు విని మా పిల్లలు పకపక నవ్విరి. కాని ఈ తెగ వంటకము మనకును పరాయిది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో అన్నపానముల గూర్చి చెప్పుచోట వేశవారమని యొకటి యున్నది: ఎముకలు తీసిన మాంసమును నూఱి, ఉడికించి, బెల్లము, నేయి, పిప్పళ్లు, మిరియములు చేర్చినచో వేశవారమగును. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఆ భాగమును చదివిన నాడు అది మాకొక పదము మాత్రమే. పొయ్యి యెదుట నిలిచిన పిమ్మటగదా దాని వాసన తెలిసినది! అయితే ఆ గ్రంథమే వేశవారమును బలకరమనుచు, గురువనియు, అనగా అరుగుటకు బరువైనదనియు చెప్పినది. ఛందస్సులో గురువున్నచోట లఘువును పెట్టిన పద్యము చెడును; వంటలో చెడకుండ పెట్టుటయే మా పని యైనది.

ఈ పనికి పూనుకొన వలసిన కారణమును చెప్పవలెను. మా మామగారికి డెబ్బదియాఱేండ్లు. గుండెకు చికిత్స జరిగిన పిదప కొవ్వు, నూనె, ఉప్పు మిక్కిలి తగ్గింపవలసినదని వైద్యులు చెప్పిరి. నాటినుండియు ఆదివారమునాడు వారికి వేఱు గిన్నె ఏర్పడినది. వారు గొణుగుకొను స్వభావము కలవారు కారు. కాని వేటకూర తిరగమోత వాసన రాగానే పత్రిక చేతబుచ్చుకొని పెరటి అరుగుమీదికి పోయి కూర్చుండువారు. పిల్లలు పిలిచినచో “మీరు కానీయండి, నాకింకను ఆకలి కాలేదు” అనువారు. అందఱును లేచిన తరువాత వచ్చి, తమ గిన్నెలోని చప్పిడి కూరను మాటాడక తిని పోవువారు. ఒక పంక్తిలో కూర్చున్నవారికి భేదము చూపి వడ్డించుట దోషమని పెద్దలు చెప్పుదురు. ఇక్కడ పంక్తియే లేకపోయెను. ఆ అరుగుమీది మనిషిని చూచుచు మేము తిన్న ముద్ద మాకు రుచింపలేదు. కొవ్వులేని మాంసమును మితముగా తినవచ్చునని వైద్యులే సెలవిచ్చియుండగా, వలసినది వారికొక ప్రత్యేకపు వంట కాదు; అందఱకును సరిపడు ఒకే వంట.

బరువు ఎక్కడ నుండి వచ్చుచున్నదో మొదట చూడవలెను. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీల శక్తి యుండగా, ఒక గ్రాము మాంసకృత్తులో 4 మాత్రమే యుండును. కొట్టువారు ముందే కొట్టియుంచిన కైమాలో ఎంత కొవ్వు చేరినదో కంటికి తెలియదు. కావున తొడమాంసము నడిగి, తెల్లని కొవ్వును, పొరలను తీయించి, మన యెదుటనే కొట్టించుకొనవలెను. గొఱ్ఱెమాంసముకంటె మేకమాంసములో కొవ్వు తక్కువ. దుకాణములలో రెంటిని మటనే యందురు గనుక నోరు విప్పి యడుగుటయే మేలు. మగవారిని పంపినచో అడుగక తెత్తురు; ఇది మా యింటి యనుభవము మాత్రమే కాదని తలచుచున్నాము.

కొవ్వు తీసినంతమాత్రమున కార్యము ముగియదు, అసలు చిక్కు అప్పుడే మొదలగును. వేడి తగిలినకొలది మాంసపు పోగులు ముడుచుకొని తమలోని నీటిని పిండివేయును. కొవ్వున్న కైమాలో ఆ కొఱతను కొవ్వు కప్పిపుచ్చును. లేనిదానిలో కుడుము చెక్కవలె బిగియును. ఆ నీటిని పట్టియుంచు వస్తువు మనకు కావలెను. పాశ్చాత్యులు పాలలో నానిన రొట్టెను వాడుదురు. మేము వేయించిన సెనగపప్పు పొడిని, కోరిన ఆనపకాయను వాడుచున్నాము. ఆనపకాయలో నూటికి సుమారు 95 పాళ్లు నీరే. పప్పుపొడి ఆ నీటిని పీల్చి పట్టుకొనును. పైగా మాంసము తగ్గినను కుడుము చిన్నది కాదు.

ఆఱుగురికి 400 గ్రాముల కైమా చాలును. దానికి 200 గ్రాముల లేత ఆనపకాయ కోరు, పుట్నాలపొడి నాలుగు పెద్ద చెంచాలు, రెండు గ్రుడ్ల తెల్లసొన. పచ్చసొన పిల్లల యట్టునకు పోవును. ఆనపకాయ కోరును అఱచేతులతో మెల్లగా నొక్కవలెను, బొత్తిగా పిండరాదు. కారిన నీటిని చారులో పోసికొందుము. రెండు ఉల్లిపాయలను సన్నగా తరిగి, ఒక చిన్న చెంచా నూనెలో మగ్గించి చల్లార్చవలెను. పచ్చి ఉల్లి వేసినచో కుడుము కోయునపుడు విరుగును. అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియపుపొడి, చిటికెడు లవంగము దాల్చినచెక్కల పొడి ధారాళముగానే వేయుదుము. ఉప్పు తగ్గినచోట నాలుకను ఊరడింపవలసినవి ఇవియే. ఉప్పు మాత్రము చదునుగా ఒక చిన్న చెంచా. పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపలనే ఉప్పు చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది గనుక, ఆఱుగురు పంచుకొను వంటలో ఇది మించినది కాదు. ఆ ఉప్పును కడపట చల్లి, వ్రేళ్లతో తేలికగా కలిపి విడువవలెను. గారెలపిండివలె పిసికినచో మాంసకృత్తులు బంకవలె సాగి, ఉడికిన పిదప రబ్బరును నమలినట్లుండును. మా తోడికోడలి చేయి బలమైనది. ఈ పని ఆమెకు ఇయ్యము.

ఓవెను మాకు లేదు, ఉన్నను ఆవిరినే కోరుకొందుము. వెడల్పాటి గిన్నెలో అరటియాకు పఱచి, మిశ్రమమును రెండంగుళముల మందమున సర్ది, పైన మఱొక యాకు కప్పి, ఇడ్డెనపాత్రలో 40 నిమిషములు ఉడికింతుము. అచ్చమైన తొడమాంసమే యైనను కైమాను సగము పచ్చిగా నుంచరాదు. మాంసపు ముక్కకు పైననే యుండు సూక్ష్మక్రిములు, కొట్టుటవలన లోపలికంతటికిని చేరును. నడుమ 71 డిగ్రీల సెల్సియస్ వేడి యెక్కినచో నిర్భయము. ఉష్ణమాపకము లేనివారు నడుమ చాకు గ్రుచ్చి చూచి, ఎఱ్ఱని రసము వచ్చినచో మఱి పది నిమిషములు ఉంచవలెను. దింపినవెంటనే కోయక, పది నిమిషములు ఆగినచో రసము లోపలనే నిలుచును.

ఆవిరి కుడుమునకు రంగుండదు, పిల్లలు మొగము ముడుచుకొందురు. అందుచేత ముక్కలను పెనముమీద ఒక చెంచా నూనెతో ఇరువైపుల దోరగా కాల్చుదుము. టమాటాలను ఉడికించి, కొంచెము చింతపండు రసము, వేశవారమును తలచుకొని చిటికెడు బెల్లము, మిరియములు చేర్చి చిక్కబఱచి, పైన పోయుదుము.

మొదటిసారి వండిన నాడు పండ్రెండు ముక్కలను ఒకే పళ్లెమున నుంచి నడుమ పెట్టితిమి. మామగారి గిన్నె అలమరలోనే యుండెను. “నాయనా, నీ కంచములోనిది తాతగారి కంచములోనిదియు ఒకటేనా?” అని అత్తగారు చిన్న మనుమని అడిగిరి. వాడు రెండు కంచములును తేరిపార చూచి, తాతగారి ముక్కయే పెద్దదని తగవు పెట్టుకొనెను. మామగారు కంచమును వాని వైపునకు జరిపి, “అయితే మార్చుకొందము రా” అనిరి. ఇద్దఱును మార్చుకొనిరి.

కొవ్వు తీసినను మాంసము మాంసమే గనుక, ఒక్కొక్కరికి రెండు ముక్కలు మించి వడ్డింపము. తక్కిన కడుపు పప్పునకును ఆకుకూరకును. ఎవరైన బంధువుల యింటికి పోయి ముక్కలు మిగిలినచో, రెండు గంటలు గడవకముందే చల్లని పెట్టెలో పెట్టి, మఱునాడు బాగుగా వేడిచేసి జొన్నరొట్టెలో చుట్టి పిల్లలకు పెట్టుదుము. మామగారు దానిని కూడ అడుగుచున్నారు.