మొలతాడు చెప్పిన మాట

 

మేము పాడేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

చిన్నప్పుడు అంగన్‌వాడీలో మా జబ్బకు టేపు చుట్టి కొలిచేవారు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాటితే పచ్చ. పచ్చ వస్తే అమ్మకి పండగే. మన పిల్లల్ని ఎవరు కొలిచినా బక్కగా ఉన్నారేమో అని కొలిచినవాళ్లే. గుండెజబ్బు అంటే పట్నపోళ్ల జబ్బు అనుకున్నాం. పోయిన ఏడాది మాలో ఒకడి నాన్న 44 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. కాళ్లు చేతులు సన్నమే, పొట్ట ఒక్కటే ఉండేది.

సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు ఊరి నర్సమ్మ మాకో లెక్క చెప్పింది. పిల్లల నడుము వాళ్ల ఎత్తులో సగం దాటకూడదు. 140 సెంటీమీటర్ల పిల్లాడికి 70 లోపే ఉండాలి. బరువు చూస్తే కండ ఎంతో, కొవ్వు ఎంతో తెలీదు. పొట్టలో చేరే కొవ్వే పెద్దయ్యాక బీపీకి, షుగర్‌కి, గుండెజబ్బుకి దారి తీస్తుంది. టేపు లేకపోయినా పర్లేదు. ఎత్తుకు సరిగ్గా దారం తెంపి, సగానికి మడిచి, ఊపిరి వదిలాక నడుముకి చుట్టాలి. కొసలు కలవకపోతే జాగ్రత్త పడాలి.

ఆ నాన్న లేని మావాడి తమ్ముడికి పదకొండేళ్లు. వాడి నడుముకి కొసలు కలవలేదు. "నాన్నలాగే నాకూ వస్తాదా?" అని అడిగాడు. మా నలుగురికీ నోట మాట రాలేదు. నర్సమ్మే చెప్పింది, "దారం జబ్బు చెప్పదురా, ముందే హెచ్చరిస్తుంది, అంతే." వాళ్లమ్మమ్మ మాత్రం, "ఏడాదిలో వీడి మొలతాడు రెండుసార్లు వదులు చేశాను, బలం పట్టాడనుకున్నాను" అంది. కొలత ఇంట్లోనే ఉంది, దాన్ని చదవడమే మనకి రాలేదు.

మర్నాడు వాణ్ణి పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. వయసుకీ ఎత్తుకీ తగ్గట్టు చూస్తే బీపీ బాగానే ఉందన్నారు. సంతలో కొనే ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు మానేశాడు. పొద్దున్నే చోడి అంబలి, సాయంత్రం ఆట. పస్తులు పెట్టొద్దని, ఎదిగే పిల్లాడని గట్టిగా చెప్పారు.

ఈసారి ఇంటికి వెళ్తే మీరూ ఒక దారం తీసుకెళ్లండి. నలుగురి ముందూ కొలవొద్దు, పేర్లు పెట్టి నవ్వొద్దు. మావాణ్ణి "బొండాం" అని పిలిచిన వాళ్లల్లో మేమూ ఉన్నాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.