పౌడరు లేని ఫొటో

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఒక చొక్కా. 1994లో నేను నందిగామ హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. పరీక్ష ఫారాలకి పాస్‌పోర్టు ఫొటోలు కావాలన్నారు. మా గదిలో పద్నాలుగు మందిమి. బొత్తాలన్నీ ఉన్న తెల్ల చొక్కా ఒక్కడికే ఉంది, వాళ్ళ మేనమామ పెళ్ళికి కుట్టించింది. పద్నాలుగు మందిమీ వరసగా అదే తొడుక్కుని స్టూడియోలో కూర్చున్నాం. నాకు భుజాలు జారుతుంటే వెనక పిన్నీసు పెట్టారు. మా ఫారాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఒకే చొక్కాకి పద్నాలుగు తలకాయలు మొలిచినట్టుండేది.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతే. స్టూడియో ఆయన మా చేతికి పౌడరు డబ్బా ఇచ్చి, "బాగా దట్టించండిరా, లేకపోతే పళ్ళు తప్ప ఏమీ పడవు" అన్నాడు. దట్టించాం. అయినా ఫొటోలు వచ్చాక చూస్తే నా మొహం మసిగుడ్డలాగే ఉంది. పైగా చెవుల దగ్గర పౌడరు తెల్లగా చార కట్టింది. ఆయన్ని ఇప్పుడు తప్పు పట్టను, తనకి తెలిసింది చెప్పాడు. కానీ ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు ఎవరు కెమెరా ఎత్తినా నేను వెనక వరసలోకి జరిగేవాణ్ణి. మా బ్యాచ్ గ్రూపు ఫొటో చూడండి, ఆఖరి వరసలో ఒక చెవీ కొంచెం జుట్టూ కనపడతాయి. అది నేనే.

చదువు అయ్యాక జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరాను. 2010లో తోటి ఉద్యోగి ఒకాయన ఊరు మారుతూ తన పాత డిజిటల్ కెమెరా నాకు వాయిదాల మీద అమ్మాడు. మా ఆవిడ దానికి "రెండో సంసారం" అని పేరు పెట్టింది. మొదట్లో మునేటి ఒడ్డున కొంగలు, పాలేరు మీద పొద్దుగూకటం, పెనుగంచిప్రోలు తిరునాళ్ళు, అందరూ తీసేవే నేనూ తీశాను. మనుషుల్ని తీయాలంటే మొహమాటం. అడగక్కర్లేని మనిషి ఒక్కడే కనపడ్డాడు, నేను.

నైట్ షిఫ్టు దిగి, ఒంటినిండా సిమెంటు దుమ్ముతో, స్నానానికి ముందు దొడ్లో సున్నం గోడ దగ్గర స్టూలేసి, దాని మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి పరుగెత్తేవాణ్ణి. సగం ఫొటోల్లో నా వీపే పడింది. మిగతా సగంలో గోడ బూడిద రంగు, నేను నలుపు. అప్పుడు ఒక సంగతి తట్టింది. దుమ్ము కొట్టుకుని నా మొహం ఆ పూట గోడ కంటే పెద్ద తేడాగా ఏమీ లేదు. పౌడరు కాదు, ఏకంగా సిమెంటే రాసుకున్నాను. అయినా నల్లగానే పడ్డానంటే ఇది నా చర్మం చేసిన పని కాదు.

కెమెరాకి కన్ను ఉంది గానీ లోకజ్ఞానం లేదు. ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగు అని దాని లెక్క. పుస్తకాల్లో 18 శాతం గ్రే అంటారు. తెల్ల గోడ చూపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదవుతుంది, మొహం చీకట్లోకి పోతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఒకటుంటుంది. దాన్ని ప్లస్ ఒకటికి జరిపితే వెలుతురు రెట్టింపవుతుంది. జరిపాను. చిన్నప్పుడు నుదుటి మీద పడిన మచ్చ, కళ్ళ కింద నిద్రలేని గీతలు, కనుబొమల మీద దుమ్ము, అన్నీ వచ్చాయి. ఆ ఫొటో చూస్తూ స్నానం సంగతే మర్చిపోయాను. మీ ఫోన్లలో అయితే ఇంకా తేలిక. తెర మీద మొహాన్ని వేలితో తాకి, పక్కన సూర్యుడి బొమ్మ వస్తే పైకి జరపండి.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి గొడవ కాదని. కలర్ ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవటానికి "షిర్లీ కార్డు" అని ఒక ఫొటో ఉండేది. అందులో ఉన్నది తెల్లజాతి అమ్మాయి. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే. నల్ల చర్మం ఛాయలు ఫిల్ములో కలిసిపోతున్నా చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. చాక్లెట్ల వాళ్ళు, చెక్క ఫర్నిచర్ వాళ్ళు తమ సరుకు రంగులు తేడాగా రావటం లేదని గోల పెట్టాక గోధుమ రంగుల్ని బాగుచేసే పని కదిలిందంటారు. మనుషుల మొర కంటే చాక్లెట్ మొర ముందు వినపడిందన్నమాట.

ఇక వదల్లేదు. బస్సు అద్దంలో నేను, టీ కొట్టు స్టీలు డబ్బా మీద వంకరగా నేను. చికాగోలో ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన వివియన్ మేయర్ (1926-2009) ఇలాగే అద్దాల్లో, నీడల్లో తనని తాను తీసుకునేదని తెలిశాక ధైర్యం వచ్చింది. ఆమె ఫొటోల సంగతి లోకానికి తెలిసింది 2007లో వాటిని వేలం వేశాకే.

సెలవు రోజు సాయంత్రాలు జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్ళి రాళ్ళ మీద పడే నా నీడని తీసేవాణ్ణి. 1882లో బర్జెస్ దొర తవ్వించిన స్తూపం అది. అక్కడ దొరికిన ఆయక స్తంభాల మీద శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు అయిదు స్తంభాలు నిలబెట్టాడట. రాజు పేరుతో సరిపెట్టలేదు. తండ్రి పేరు, తల్లి నాగిలాని పేరు, భార్యా పిల్లల పేర్లు చెక్కించాడు. చేతిపని చేసుకునేవాడు పదిహేడు వందల ఏళ్ళ కిందట తన ఇంటిల్లిపాదినీ రాతి మీద నిలబెట్టుకున్నాడు. మా ఇంట్లో మాత్రం రేషన్ కార్డు ఫొటో తప్ప అమ్మది ఇంకో ఫొటో లేదు.

అమ్మ మిరప కల్లాల్లో కూలికి వెళ్ళేది. ఒక ఫిబ్రవరిలో కెమెరా తీసుకుని వెళ్ళాను. తాలుకాయలు ఏరుతోంది. "నా మొకం ఏం తీత్తావురా, నల్లగా పడుద్ది" అని కొంగు అడ్డం పెట్టుకుంది. ఎండలోంచి వేపచెట్టు నీడకి రమ్మన్నాను. ఎర్రటి కాయల రాశిని వదిలేసి, మొహానికే వెలుతురు చూసుకున్నాను. నాలుగు తీశాను. మూడోదాంట్లో కొంగు దించి ఏదో అడగబోతోంది.

జగ్గయ్యపేటలో పెద్దది వేయించి ఇచ్చాను. గుమ్మంలో కూర్చుని చాలాసేపు చూసింది. "మా అమ్మ అచ్చం ఇట్టాగే ఉండేదిరా" అంది. అమ్మమ్మ ఫొటో ఏదీ లేదు. ఆమె ఎలా ఉండేదో నేను చూడటం అదే మొదటిసారి.

వార్షికోత్సవం రోజు పొద్దున ఎనిమిదింటికల్లా కెమెరాతో వస్తున్నాను. పదో తరగతి తమ్ముళ్ళు ఉదయం ఎండలో కాకుండా వరండా నీడలో వరసగా నిలబడండి. వెనకాల తెల్ల దుప్పటి కట్టొద్దు. చొక్కా ఏ రంగుదైనా పర్లేదు, ఎవరిది వాళ్ళు వేసుకోండి.