ట్రక్కు మీద ఇల్లు: బరువు లెక్క, డబ్బు లెక్క

పికప్ ట్రక్కు వెనుక ఉండే తెరిచిన తొట్టిలోకి, అంటే బెడ్ అని పిలిచే భాగంలోకి దించి బిగించే చిన్న గదిని అమెరికాలో స్లైడ్-ఇన్ క్యాంపర్ అంటారు. మంచం, పొయ్యి, సింకు, చాలావాటిలో మరుగుదొడ్డి కూడా ఉండే ఈ గదికి సొంత ఇంజనూ చక్రాలూ ఉండవు. నాలుగు మూలలా ఉన్న జాకీలను కిందికి దింపి, గదిని వాటి మీద నిలబెట్టి, కింద నుంచి ట్రక్కును ముందుకు నడిపితే అది మళ్ళీ మామూలు ట్రక్కు అవుతుంది. ఇంజను, టైర్లు, బీమా అన్నీ కలిపి ఏడాదిలో అధికభాగం కదలకుండా పడి ఉండే మోటార్‌హోమ్‌తో పోల్చినప్పుడు ఈ ఏర్పాటులోని ఆర్థిక ఆకర్షణ ఇదే: పెట్టుబడిలో పెద్ద భాగమైన ట్రక్కు రోజూ పనికి వస్తుంది, అది పాతబడితే గదిని అట్టేపెట్టుకుని ట్రక్కును మాత్రమే మార్చుకోవచ్చు. అయితే ఈ వాదమంతా ఆ ట్రక్కు ఆ గదిని నిజంగా మోయగలిగినప్పుడే నిలుస్తుంది. కొనుగోలుదారులలో ఎక్కువమంది ముందు ట్రక్కును ఎంచుకుని, దానికి నెలవాయిదా కుదుర్చుకుని, ఆ తరువాత క్యాంపర్ కోసం వెతుకుతారు. ఈ వ్యాసకర్త కుటుంబం అనుసరించిన వరుస దీనికి తలకిందులైనది: ముందు క్యాంపర్ బరువు లెక్క, ఆ తరువాతే దానికి తగిన ట్రక్కు ఎంపిక. ఇక్కడి వివరణ అంతా ఆ వరుసను గురించినదే.

అమెరికన్ పికప్‌లను హాఫ్-టన్, త్రీ-క్వార్టర్-టన్, వన్-టన్ అని మూడు తరగతులుగా చెప్పడం వాడుక. ఫోర్డ్ వారి ఎఫ్-150, ఎఫ్-250, ఎఫ్-350లు, ఇతర సంస్థల 1500, 2500, 3500 అంకెల ట్రక్కులు వరుసగా ఈ తరగతులకు చెందుతాయి. ఒకప్పుడు ఈ పేర్లు అవి మోసే బరువునే సూచించేవి గాని ఇప్పుడు అవి కేవలం వాడుక పేర్లు, వాటిని బట్టి లెక్క వేయడం కుదరదు. లెక్కకు పనికివచ్చే సంఖ్యను పేలోడ్ అంటారు: మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి ట్రక్కు గరిష్ఠంగా ఎంత తూగవచ్చునో తయారీదారు నిర్ణయించిన స్థూల బరువులో నుంచి, ఇంధనం నింపిన ఖాళీ ట్రక్కు బరువును తీసివేస్తే మిగిలేదే పేలోడ్. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే పేలోడ్ సాధారణంగా రెండు తలుపుల క్యాబిన్ ఉండి, ఏ అదనపు హంగూ లేని అతి తేలికైన నమూనాకు వర్తించేది. అసలు సంఖ్య డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనిపించే స్తంభానికి అంటించిన టైర్ల లేబుల్ మీద, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదన్న వాక్యంలో ఉంటుంది. ఆ సంఖ్య ఆ ఒక్క ట్రక్కుకే చెందుతుంది. నాలుగు తలుపుల క్యాబిన్, నాలుగు చక్రాల డ్రైవ్, పైకప్పు అద్దం, తోలు సీట్లు ప్రతి ఒక్కటీ ఆ సంఖ్యలో కొంత తినివేస్తాయి కనుక, ఒకే మోడల్‌లో ఖరీదు పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గుతూ పోవడం తరచుగా కనిపిస్తుంది. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ మోయగల వస్తువును కొనుక్కునే ఇటువంటి సందర్భాలు వినియోగదారుడి జీవితంలో అరుదు.

క్యాంపర్ వైపున ఇటువంటి చిక్కే మరొకటి ఉంది. విక్రేత చెప్పే బరువును డ్రై వెయిట్ అంటారు. అందులో నీరు, వంటగ్యాసు లెక్కలోకి రావు, బ్యాటరీలు, ఏసీ కూడా చాలాసార్లు రావు. హాఫ్-టన్ ట్రక్కులకు సరిపోతుందని అమ్మే 1,700 పౌండ్ల క్యాంపర్‌ను తీసుకుని వ్యాసకర్త కుటుంబం కాగితం మీద వేసిన లెక్క ఈ విధంగా ఉంది. గ్యాలను నీరు 8.3 పౌండ్లు తూగుతుంది కనుక 30 గ్యాలన్లకు 250, సిలిండర్లతో సహా గ్యాసుకు 75, బ్యాటరీలకు 120, ఏసీకి 90, భార్యాభర్తలకూ ఇద్దరు పిల్లలకూ కలిపి 520. ఆపైన దుప్పట్లు, బట్టలు, పనిముట్లు, 20 పౌండ్ల సోనా మసూరి సంచి, కుక్కరు, ఇడ్లీ పాత్ర వగైరాలకు 350. మొత్తం 3,105 పౌండ్లు. నాలుగు తలుపుల హాఫ్-టన్ ట్రక్కుల తలుపు లేబుళ్ళ మీద మామూలుగా కనిపించే సంఖ్య 1,500 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే మనుషులు ఎక్కక ముందే, ఖాళీ క్యాంపర్‌తోనే ఆ హద్దు దాటిపోతుంది.

అందుచేత త్రీ-క్వార్టర్-టన్‌కు వెళ్ళాలన్నది సహజంగా తోచే మాటే గాని, అక్కడ డీజిల్ ఇంజను సంగతి విచారించవలసి ఉంటుంది. ఈ తరగతిలోని చాలా మోడళ్ళ స్థూల బరువు హద్దు 10,000 పౌండ్ల దగ్గర ఆగుతుంది. ప్రభుత్వ వర్గీకరణలో ఆ అంకె ఒక తరగతికి సరిహద్దు, అది దాటితే కొన్ని రాష్ట్రాలలో రిజిస్ట్రేషన్ రుసుము మారుతుంది. హద్దు కదలనప్పుడు, పెట్రోలు ఇంజను కన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగే డీజిల్ ఇంజను ఆ బరువునంతా పేలోడ్ నుంచే తీసుకుంటుంది. కాబట్టి బలానికి మారుపేరుగా చెలామణీ అయ్యే డీజిల్ త్రీ-క్వార్టర్-టన్ ట్రక్కు లేబుల్ మీద 2,000 పౌండ్ల చుట్టుపక్కల సంఖ్య కనిపించడం వింత కాదు. డీజిల్ శక్తి వెనుక ట్రెయిలర్‌ను లాగడానికి, వీపు మీద మోయడానికి కాదు. అదే ఇంచుమించు ఆకారంలో, కొద్దిపాటి ధర తేడాతో దొరికే వన్-టన్ పెట్రోలు ట్రక్కులో 4,000 పౌండ్లకు అటూ ఇటూగా పేలోడ్ దొరుకుతుంది. వెనుక ఇరుసుకు నాలుగు చక్రాలుండే డ్యూయలీ ఇంకా ఎక్కువ మోస్తుంది. అయితే అది నగరంలోని పార్కింగ్ గళ్ళలో పట్టదు, ఆరు టైర్ల ఖర్చు సరేసరి.

స్ప్రింగుల మధ్య గాలి సంచులు అమర్చితే హాఫ్-టన్‌తోనే పని జరుగుతుందని చెప్పేవారున్నారు. అవి వంగిన వీపును పైకి లేపుతాయి. ఇరుసు, బ్రేకులు, ఫ్రేము మాత్రం పాతవే కనుక తయారీదారు నిర్ణయించిన హద్దు ఒక్క పౌండు కూడా పెరగదు. బరువు ఎక్కడ పడుతుందన్నది కూడా ముఖ్యం. క్యాంపర్ గురుత్వకేంద్రం వెనుక ఇరుసుకు కాస్త ముందు పడాలి, వెనక్కి జరిగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ పట్టు పోతుంది. ఆ కేంద్రం ఏ హద్దుల మధ్య ఉండాలో ట్రక్కు తయారీదారు తెలపాలని సమాఖ్య నిబంధనలు కోరుతాయి. 8 అడుగుల లాంగ్ బెడ్‌కు తగినన్ని క్యాంపర్ నమూనాలు దొరుకుతాయి, పొట్టి బెడ్‌లకు ఆ ఎంపిక కుదించుకుపోతుంది.

డీజిల్‌ను డబ్బు వైపు నుంచి కూడా పరీక్షించవచ్చు. ఆ ఇంజనుకు అదనంగా సుమారు 10,000 డాలర్లు పెట్టవలసి వస్తుంది. ఏడాదికి 8,000 మైళ్ళు తిరుగుతారని, క్యాంపర్ ఎక్కించిన పెట్రోలు ట్రక్కు గ్యాలనుకు 10 మైళ్ళు, డీజిల్ ట్రక్కు 13 మైళ్ళు ఇస్తాయని, గ్యాలను ధరలు వరుసగా 3.25, 3.75 డాలర్లని అనుకుంటే, పెట్రోలుకు 2,600, డీజిల్‌కు 2,308 డాలర్లు అవుతాయి. ఏడాదికి మిగిలేది 292 డాలర్లు. పెట్టిన అదనపు సొమ్ము తిరిగి రావడానికి 34 ఏళ్ళు పడుతుంది. డీజిల్ ట్రక్కును తిరిగి అమ్మేటప్పుడు ఎక్కువ ధర వస్తుందన్నది నిజమే, ఆ వాదం ఈ గడువును తగ్గిస్తుంది. యూరియా ద్రావణం, ఫిల్టర్లు, ఖరీదైన మరమ్మతులు దాన్ని మళ్ళీ పెంచుతాయి.

అసలు ఈ ట్రక్కుల ధరలే ఎందుకింత ఎత్తున ఉన్నాయన్న ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానం కోళ్ళ దగ్గర ఉంది. ఐరోపా దేశాలు అమెరికన్ కోడిమాంసంపై సుంకం పెంచినందుకు ప్రతిగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వం 1964 నుంచి దిగుమతి ట్రక్కులపై 25 శాతం సుంకం విధించింది. చికెన్ టాక్స్ అనే పేరు పడిన ఆ సుంకం నేటికీ పోలేదు, పోటీ పెరగలేదు.

పన్ను రాయితీ ఆశ చూపి అమ్మడం కూడా ఇటీవల ఎక్కువైంది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 వరకు కొత్త వాహనం రుణంపై కట్టిన వడ్డీలో ఏడాదికి 10,000 డాలర్ల వరకు పన్ను లెక్కించే ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. అయితే ఆ వాహనపు తుది కూర్పు అమెరికాలోనే జరిగి ఉండాలి, దాని స్థూల బరువు హద్దు 14,000 పౌండ్ల కన్నా తక్కువ ఉండాలి. ఈ రెండు షరతులూ ఈ తరగతి ట్రక్కులకు సూటిగా తగులుతాయి: రామ్ సంస్థ వారి 2500, 3500 ట్రక్కులు మెక్సికోలోని సాల్తియోలో తయారవుతాయి, డ్యూయలీలలో కొన్నింటి హద్దు సరిగ్గా 14,000 కావడంతో అవి గీతకు అవతల పడతాయి. వాహనపు గుర్తింపు సంఖ్యలో మొదటి అంకె 1, 4, 5లలో ఒకటైతే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. దంపతుల ఉమ్మడి ఆదాయం 200,000 డాలర్లు దాటినప్పటి నుంచి ఈ తగ్గింపు కరుగుతూ వచ్చి 250,000 దగ్గర పూర్తిగా పోతుంది. డాలస్ శివారులలో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు ఇళ్ళలో ఎన్నో ఆ గీతకు దగ్గరలోనో అవతలనో ఉంటాయి. నిద్ర, వంట, మరుగుదొడ్డి సదుపాయాలున్న క్యాంపర్‌ను రెండో ఇల్లుగా చూపి దాని రుణవడ్డీని తగ్గించుకునే పాత వెసులుబాటు వేరే ఉంది గాని, ఖర్చులను విడివిడిగా చూపేవారికే అది పనికివస్తుంది. 2025లో దంపతులకు ఏ లెక్కా చూపకుండానే దక్కే ప్రామాణిక తగ్గింపు 31,500 డాలర్లు కనుక, అంతకు మించి చూపగలిగిన వారు కొద్దిమందే.

22 శాతం పన్ను శ్రేణిలో ఉన్నవారికి 3,000 డాలర్ల వడ్డీ మీద దక్కే రాయితీ 660 డాలర్లు. కొత్త ట్రక్కు మొదటి రెండు మూడేళ్ళలో కోల్పోయే విలువ ముందు అది లెక్కలోనిది కాదు. ఈ కారణం చేతనే వ్యాసకర్త కుటుంబం రాయితీని వదులుకుని, వేరొకరి చేతిలో మూడేళ్ళు తిరిగిన వన్-టన్ పెట్రోలు లాంగ్ బెడ్‌ను, తలుపు లేబుల్ ఫొటో తెప్పించుకుని చూసిన తరువాతే కొన్నది. పాత కారును ఆ ట్రక్కు అమ్మిన డీలరుకే ఇచ్చివేయడంతో, టెక్సస్ నియమం ప్రకారం, మిగిలిన తేడా మీద మాత్రమే 6.25 శాతం పన్ను పడింది. క్యాంపర్‌ను 15 ఏళ్ళ రుణంతో కొనమన్న సలహాను తోసిపుచ్చడానికి కారణం సులభమైనది: అంత దీర్ఘమైన వాయిదాలలో అసలు తరిగే వేగం కన్నా గది విలువ తరిగే వేగం ఎక్కువ, మధ్యలో అమ్మవలసి వస్తే అమ్మిన డబ్బు అప్పు తీర్చడానికి చాలదు. ఏడాదిపాటు ట్రక్కు ఒక్కటే నడిపి, ఆ లోపున కూడిన సొమ్ముతో పాత క్యాంపర్‌ను నగదుకు తీసుకోవడం జరిగింది. దీనివల్ల హోటళ్ళ ఖర్చు ఆదా అవుతుందన్న వాదాన్ని ఆ కుటుంబం లెక్కలోకి తీసుకోలేదు; బీమా, టైర్లు, నిలిపి ఉంచే చోటుకు అద్దె కలిపితే ఏటా కొద్ది వారాల ప్రయాణానికి హోటలే చౌక, కనుక ఈ ఖర్చును వినోదం పద్దులోనే రాసుకున్నారు.

నీళ్ళు నింపి, అందరూ ఎక్కిన తరువాత హైవే పక్క ట్రక్ స్టాప్‌లోని తూనిక వేదిక మీద నిలిపితే, సుమారు 15 డాలర్లకు ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఎంతెంత మోస్తున్నాయో విడివిడిగా రాసిన చీటీ ఇస్తారు. ఆ చీటీని ఇరుసుల హద్దులతోను, టైర్ల పక్కగోడ మీద ముద్రించిన గరిష్ఠ బరువుతోను పోల్చి చూసినప్పుడు వెనుక ఇరుసు మీద కొన్ని వందల పౌండ్ల వెసులుబాటు మిగిలినట్టు తేలింది. అందులో కొంత సౌర ఫలకాలకు కేటాయించారు. వెనుక బంపరుకు సైకిళ్ళు తగిలించే చట్రాన్ని మాత్రం, బరువు ఇరుసు వెనక్కి పడుతుందన్న కారణంతో, కొనలేదు.