దారిలో రాలిన పాకెట్లు

సాహిత్యం బోధించుకొనే నాకు నెట్‌వర్కు స్విచ్చుతో ఏమి పని అని మిత్రులు అడుగుతుంటారు. ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పోయే లేఖ గాని, చిత్రం గాని చిన్న చిన్న పాకెట్లుగా విడివడి ప్రయాణిస్తుంది. ఏ పాకెట్టు ఏ దారిన పోవలెనో నిర్ణయించేది స్విచ్చు. వచ్చేవి ఎక్కువై, పోయే దారి ఇరుకైనప్పుడు వాటిని బఫరు అనే చిన్న నిలువలో ఆపి ఉంచుతుంది. అదీ నిండితే తరువాత వచ్చిన పాకెట్టును నిర్దాక్షిణ్యంగా పారవేస్తుంది. దీనిని మనం రద్దీ అంటాము. మా ఉర్దూ శాఖ మిత్రులు ‘భీడ్’ అంటారు. నాకు వారి మాటే బాగున్నది.

పాకెట్టు రాలినదనగానే యంత్రం చెడినదని తలచడం సామాన్యం. ఆ మధ్య విద్యార్థి వేతనాల దరఖాస్తులకు గడువు ముగిసే రోజున మా ప్రయోగశాలలోనూ అదే జరిగినది. ధ్రువపత్రాలు పంపడానికి పిల్లలు బారులు తీరి ఉన్నారు. పత్రం సగం పోయి ఆగిపోతున్నది. ఒక్క ఏడాది వేతనం తప్పితే చదువు మానుకోవలసినవారు వారిలో ఉన్నారు. పెద్ద బఫరు గల కొత్త స్విచ్చు తెప్పించవలెనని పెద్దలు కొందరు అన్నారు. సహాయకుడు మాత్రం “ముందు లెక్కలు చూద్దాం సార్” అన్నాడు.

ప్రతి పోర్టుకూ స్విచ్చు వేరువేరు లెక్కలు ఉంచుతుంది. చెడి వచ్చిన పాకెట్ల సంఖ్య పెరిగితే దోషం కేబులులోనో, రెండు కొనల అమరికలు పొసగకపోవడంలోనో ఉండవచ్చు. పంపలేక పారవేసిన వాటి సంఖ్య పెరిగితే అది రద్దీ. మాకు మొదటిది సున్నా; పై అంతస్తుకు పోయే పోర్టులో రెండవది పరుగెత్తుతున్నది. సెకనుకు 1000 మెగాబిట్లు ఉండవలసిన ఆ పోర్టు వేగం 100 అని చూపుతున్నది! కేబులులోని నాలుగు జతల తీగలలో ఒక జత తెగినది. వెయ్యికి నాలుగు జతలూ కావలెను, నూటికి రెండు చాలు. కనుక స్విచ్చు మారుమాటాడక నూటికి దిగి పనిచేస్తున్నది. కేబులు పూర్తిగా తెగి ఉంటే ఉదయమే దొరికిపోయేది. దానిని మార్చాము, సాయంత్రానికి దరఖాస్తులన్నీ వెళ్ళినవి.

సగటు లెక్కలను నమ్మరాదు. 1000 మెగాబిట్ల పోర్టు మీదికి అటువంటివే రెండు పోర్టుల నుండి ఒక్కసారిగా పూర్తి వేగంతో వచ్చిపడితే, 1 మెగాబైటు బఫరు 8 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఐదు నిమిషాల సగటులో ఆ దారి ఖాళీగానే కనబడుతుంది.

మరి పెద్ద బఫరు ఎందుకు వద్దు? 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల నుండి 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికి పోయే ప్రవాహం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. రాలినకొద్దీ యంత్రాలు మళ్ళీ మళ్ళీ పంపి దారిని మరింత క్రిక్కిరియజేసినవి. రాలిన పాకెట్టును రద్దీకి గుర్తుగా గ్రహించి పంపే యంత్రమే వేగం తగ్గించుకొనే పద్ధతిని వాన్ జాకబ్సన్ 1988లో వివరించారు. బఫరు మితిమీరి పెద్దదైతే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. పాకెట్లు రాలవు గాని వరుసలోనే ముసలివైపోతాయి.

ఇప్పుడు వారానికొకసారి ఆ లెక్కలు చూచుకొంటున్నాము. పై అంతస్తు పోర్టులో అప్పుడప్పుడు కొన్ని రాలుతూనే ఉన్నవి. వాటిని అలాగే ఉండనిచ్చాము.