సాన్‌ఫ్రాన్సిస్కో రేవు బాట

మన పాఠశాలా సంచికకు ఏదైన వ్రాసి పంపవలసినదని సంపాదకులు కోరినప్పుడు నేను అమెరికా దేశమున మా అమ్మాయి యింట నుంటిని. దూరదేశములకు పోయినవారు అచ్చటి మేడలను గూర్చియు, మంచును గూర్చియు వ్రాయుట వాడుక. నేను వ్రాయబోవునది యొక బాటను గూర్చి. విశాఖపట్టణపు రేవు ప్రక్కనే పుట్టి, ఆ యూరనే ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను. రేవు కనబడినచోట నాకు కాలు ముందునకు సాగదు.

సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు తూర్పున అఖాతమును, ఆ యొడ్డు వెంబడి ఎంబార్కడెరో అను విశాలమైన వీధియు గలవు. మార్కెట్టు వీధి వచ్చి రేవును తాకుచోట 1898వ సంవత్సరమున తెరువబడిన ఫెర్రీ భవనము నిలిచియున్నది. దాని గడియారపు గోపురము 245 అడుగుల యెత్తు. అఖాతముపై వంతెనలు లేని కాలమున ఆవలి యొడ్డువారు పడవలెక్కి వచ్చి యీ భవనముగుండనే నగరము చొచ్చుచుండిరి. 1936లో బే వంతెనయు, 1937లో గోల్డెన్ గేట్ వంతెనయు వచ్చిన పిమ్మట పడవలు తగ్గెను, భవనము చిన్నబోయెను. అంతటితో పోయినదా? 1906వ సంవత్సరపు మహాభూకంపమునకు సైతము కూలక నిలిచిన ఆ భవనమునకు ఎదుటనే 1959లో రెండంతస్తుల కాంక్రీటు రాజమార్గమును స్తంభములపై నిలిపిరి. ఫ్రీవే యని దాని పేరు. కార్లు మీది యంతస్తున నొక దిక్కునకును, క్రింది యంతస్తున వేరొక దిక్కునకును పరుగెత్తుచుండెను. నగరమునకును సముద్రమునకును నడుమ గోడ పెట్టినట్లయ్యెను.

ఆ గోడను చూచి పట్టణవాసులు పెక్కండ్రు మొగము చిట్లించుకొనిరి. అట్టివే మరికొన్ని రాజమార్గములు నగరమంతట కట్టవలెనని యున్న యోజనలను పాలకమండలి ఆ యేడే నిలిపివేసెను. అయినను 1986లో దీనిని పడగొట్టుదమా యని ప్రజల సమ్మతి నడిగినప్పుడు వలదని యెక్కువమంది చెప్పిరి. ఇది విని నేను మొదట ఆశ్చర్యపడితిని గాని, ఆలోచింపగా అందులో వింత లేదు. వికారమైన దారియైనను ఇంటికి చేర్చుచున్నంతకాలము మనిషి దానిని తిట్టుచునే వాడుకొనును.

ఆ చిక్కు భూమాత చేతులలో తేలెను. 1989 అక్టోబరు 17వ తేదీ సాయంకాలము 5 గంటల 4 నిమిషములకు భూమి కంపించెను. ఆవలి యొడ్డున ఓక్లెండులో ఇట్టిదే రెండంతస్తుల రాజమార్గము కూలి 42 మంది చనిపోయిరి. రేవునొద్దిది కూలలేదు, బీటలువారెను. దానిపై రాకపోకలు ఆపివేసిరి. ఇక దానిని బాగుచేయుటయా, తీసివేయుటయా యను తగవు వచ్చెను.

విద్యార్థులారా, ఈ తగవులో నాకు మిక్కిలి ముఖ్యమని తోచినది చైనాటౌను వర్తకుల మాట. రాజమార్గమునుండి దిగు దారులలో నొకటి బ్రాడ్వే వీధిలో వారి పేటకు సమీపమున ముగియుచుండెను. దూరపు పేటలలో కాపురముండు చైనీయులు శని యాదివారములందు కార్లలో వచ్చి, వారమునకు సరిపడు కూరగాయలును, చేపలును, బియ్యపు బస్తాలును కొని పోవుచుండిరి. దారి మూసిన నాటినుండి ఆ రాక తగ్గెను. రాజమార్గమును బాగుచేసి మరల తెరువుడని ఆ పేటవారు మొరపెట్టుకొనిరి. మేయరు ఆర్ట్ ఆగ్నోసు తీసివేయవలెననెను. 1990లో పాలకమండలిలో ఆరుగురు తీసివేయుటకును, ఐదుగురు ఉంచుటకును చేతులెత్తిరి. ఒక్క చేతితో తేలినది! 1991 ఫిబ్రవరిలో పడగొట్టుట మొదలు పెట్టిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో మేయరు ఎన్నికలో నోడిపోయెను. అంతకుమునుపు తన్ను బలపరచిన చైనాటౌను ఆయనకు దూరమగుట అందులకొక కారణమని చెప్పుదురు.

వర్తకుల పక్షమున నా మనస్సు ఏల మొగ్గినదో చెప్పవలెను. మా తండ్రిగారికి పాతపట్టణములో రాణిబొమ్మకు చేరువ చిన్న దుకాణముండెడిది. వలనూలు, త్రాళ్లు, లాంతరు వత్తులు అమ్మెడివారు. బస్సు నిలుచుచోటు మా యరుగునకు ఎదురుగ నుండెను. నా పదవయేట దానిని వేరొక వీధికి మార్చిరి. మార్చుటకు కారణము లేకపోలేదు. మా వీధి ఇరుకు, రెండు లారీలు ఎదురుపడినచో కదలలేకుండెడివి. క్రొత్తచోటు రెండువందల గజముల దూరమే. కాని పడవపని ముగించుకొని బస్సుకై నిలుచువాడు, బస్సు వచ్చులోపల మా కొట్టువైపు చూచి "అయ్యా, రెండు బారల త్రాడు కోయుము" అనెడివాడు. అదే త్రాటికొరకు రెండువందల గజములు నడచి రాడు. నగదు బేరములు బస్సుతోపాటు వెడలిపోయెను. అరువు పద్దులు మాత్రము మాకు మిగిలెను. మూడేండ్లకు నాన్నగారు కొట్టు కట్టివేసి యొక గిడ్డంగిలో గుమాస్తాగా చేరిరి. వీధి మాత్రము, నిజము చెప్పవలెనన్న, మునుపటికంటె సుఖముగ నుండెను.

ఇట్టివాడను గనుక ఎంబార్కడెరోను చూచుటకు కొంత కినుకతోనే పోతిని. చూచిన పిమ్మట ఆ కినుక నిలువలేదు. కాంక్రీటు ఉన్నచోట ఇప్పుడు ఆకాశమున్నది. నడుమ ట్రాము పట్టాలు, ఇరుప్రక్కల కార్ల దారులు, అఖాతపు దిక్కున నడచువారికి వెడల్పైన బాట. ఇటలీలోని మిలాను నగరమునుండి తెచ్చిన పాత ట్రాములు గణగణమనుచు పోవుచున్నవి. 2000వ సంవత్సరమునుండి యవి ఈ యొడ్డు వెంట జాలరుల రేవు వరకు నడచుచున్నవి. ఫెర్రీ భవనమును బాగుచేసి 2003లో సంతగా తెరచిరి. పడవలును మరల వచ్చుచున్నవి. వీధి పొడవున కెనరీ దీవుల ఖర్జూరజాతి చెట్లు నాటిరి. ఇవి దక్షిణ కాలిఫోర్నియాకు తగునే గాని చలిగాలి వీచు మా యూరికి తగవని కొందరు వాదించిరట. నాకు మాత్రము భీమిలి త్రోవలోని తాటిచెట్లు జ్ఞప్తికి వచ్చెను. లోపమేమనగా, వీధి దాటుటకు ముసలికాళ్లకు చాల సేపు పట్టును. నడుమ నిలిచి మరల దీపముకొరకు కనిపెట్టుకొనవలసి వచ్చెను.

ఇంకొక ముచ్చట. ఈ యొడ్డు చాలవరకు పూడ్చిన నేల. 1849 ప్రాంతమున బంగారమునకై వచ్చినవారు విడిచిపోయిన ఓడలు కొన్ని ఆ మట్టిక్రింద నేటికిని ఉన్నవి. వాటిమీద వీధులు పోవుచున్నవి. 1933లో తెరువబడిన మన రేవు ముఖమునను, అలల నడ్డగించుటకై రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచిరి గదా! అమ్మాయికి ఈ మాట చెప్పగా, "నాన్నగారూ, మీరు ఏ యూరికి వచ్చినను విశాఖపట్టణమునే చూచుచున్నారు" అని నవ్వెను.

అచ్చటినుండి చైనాటౌనులోని స్టాక్టన్ వీధికి నడచితిమి. అది సంత వీధి. ఎండురొయ్యల వాసన తగులగానే మా చేపలరేవు తలపునకు వచ్చి ఒక కొట్టు ముందు ఆగితిని. కొట్టు పెద్ద డెబ్బదియేండ్లు దాటినవాడు. నేనును దుకాణదారుని కొడుకునేనని చెప్పిన పిమ్మట మనసిచ్చి మాటలాడెను. దారి పోయిన తరువాత మొదటి యేండ్లు కష్టముగ గడచెననియు, దూరపు గిరాకీలు తమ పేటలలోనే చైనా అంగళ్లు వెలయగా అక్కడనే కొనుటకు అలవాటుపడిరనియు చెప్పెను. రేవు బాటను గూర్చి యడిగితిని. చాల బాగున్నదనెను! సెలవునాడు తానును మనుమలతో అచ్చటనే నడచుననెను. మా నాన్నగారు కూడ ఆ సుఖమైన వీధిలోనే గిడ్డంగికి నడచి పోవుచుండెడివారు.

పోయిన దారికి బదులుగ చైనాటౌను అడిగినది నేలక్రింది రైలు. అది పూర్తిగ నడువనారంభించినది 2023 జనవరిలో. రాజమార్గము పడిన ముప్పది రెండేండ్లకు, దాదాపు 195 కోట్ల డాలర్ల వ్యయముతో వచ్చెను. రాజమార్గమును నిలుపుటకు పోరాడిన రోజ్ పాక్ అను నామె పేరు ఆ స్టేషనునకు పెట్టిరి. ఆమె 2016లోనే మరణించెను. ఆ పేరు పెట్టుటలోను తగవు వచ్చినది! బదులు ఇచ్చుట న్యాయమే. కాని ముప్పదియేండ్లు ఏ చిన్న కొట్టు కనిపెట్టుకొని యుండగలదు?

అమ్మాయి ఎండురొయ్యలు కొనెను. ఆయన తూచి, పైన నొక గుప్పెడు కొసరు వేసెను. వచ్చు శనివారము మరల రమ్మనెను. కారులో రావలదనియు, నిలుపుటకు చోటు దొరకదనియు, నేలక్రింది రైలులో వచ్చి స్టేషను పైకెక్కగానే తన వీధియే యనియు చెప్పెను.